మేకుకు వేలాడిన గొలుసు

పుంగనూరు, మదనపల్లె, కుప్పం. ఈ మూడు ఊళ్లలో కుట్టుమిషను మొరాయించిందంటే ఖాదర్ వలికి కబురు పోవాల్సిందే. సోమవారం మదనపల్లె, గురువారం కుప్పం, మిగతా రోజులు పుంగనూరులో సొంత అంగడి. అంగడి అంటే మరేం లేదు, ఇంటి ముందరి వసారాయే. చంకలో గోనెగుడ్డ సంచి, అందులో నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక చిన్న సుత్తి, పొడుగు ముక్కు నూనెడబ్బా. ఆయన ఎక్కితే బస్సంతా మిషను నూనె వాసన వచ్చేది. కండక్టర్లు ఆ వాసనను బట్టే తల తిప్పకుండా టిక్కెట్టు చింపేవాళ్లు.

ఆయనకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి, ఏ మిషనైనా చేతికొస్తే ముందు నూనె పట్టించాలి, ఒక రాత్రి నాననివ్వాలి, ఏం చెడిందో తెల్లారి చూసుకోవాలి. రెండోది, పని పూర్తికాని మిషను మీద ఎవరినీ కూర్చోనివ్వకూడదు. పండగ ముంచుకొస్తోందన్నా, ఈ ఒక్క జాకెట్టూ కుట్టుకోనీ అని దర్జీలు బతిమాలినా ఒప్పుకునేవాడు కాదు. సగం బాగైన మిషనుకు సూది విరుగుతుంది, విరిగిన సూది వేలిలో దిగుతుంది. చిన్నప్పుడు పని నేర్పిన ఉస్తాదు చెప్పిన మాట అది. ముప్పై ఏళ్లు ఆయనకు అన్నం పెట్టిన నియమాలు ఈ రెండూ. చివరికి ఆయన ఇల్లు ముంచినవీ ఇవే.

ఆయన భార్య మైమూన్ బీది పెద్దమండ్యం. ఆడవాళ్ల జాకెట్లు కుట్టడంలో పుంగనూరులో ఆమెకు పోటీ లేదు. చీర అంచు చూసి, దారాల డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక్కసారికే సరిపోయే రంగు తీసేది. పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో చప్పుడంతా ఆమె తొక్కే మిషనుదే. ఇద్దరి మాటా సగం ఉర్దూ, సగం తెలుగు. కోపమొస్తే మాత్రం ఆమె పూర్తిగా తెలుగులోకి దిగేది. ఆ తెలుగు వినపడితే ఖాదర్ వలి సంచి తీసుకుని వీధిలోకి నడిచేవాడు.

ఎనభై ఐదో సంవత్సరం, రంజాన్ పండగ అయిన వారానికి, గుడ్డ కత్తిరిస్తుంటే ఆమె చేతిలోంచి కత్తెర జారింది. తీసుకుందామని వంగితే కుడికాలు మడతపడింది. మూతి కొంచెం పక్కకు పోయింది. మదనపల్లె ఆస్పత్రిలో రెండు వారాలు ఉన్నారు. మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. కాలు మాత్రం రాలేదు.

డాక్టరమ్మ ఆయన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. "రావలసిన బలం చాలావరకు ఈ ఆరు నెలల్లోనే వస్తుంది. అందాకా మోకాలు గట్టిపడకుండా చూసుకోవాలి. రోజూ వంచాలి, చాపాలి. వందసార్లు, రెండు వందలసార్లు, ఎన్నిసార్లయితే అన్నిసార్లు. ఆమె ఏడ్చినా మీరు ఆపకూడదు. మోకాలు ఒకసారి బిగుసుకుంటే ఇక మా చేతుల్లో కూడా ఉండదు."

మైమూన్ బీ మంచం మీంచి ఇదంతా విన్నది. ఇంటికొచ్చాక ఒకటే అడిగింది. "అజీ, నడవకపోయినా పర్వాలే. కాలు మిషను తొక్కితే సాలు నాకు."

ఖాదర్ వలికి ఆ మాట ప్రాణానికి తగులుకుంది. ఆషాఢంలో, శ్రావణంలో రోజూ పొద్దున మంచం పక్కన కూర్చుని ఆమె కాలు వంచి చాపేవాడు. పదిసార్లు వంచేసరికి ఆమె పంటి కింద చీరకొంగు పెట్టుకునేది. ఇరవైకి కళ్లల్లోంచి నీళ్లు కారేవి. ముప్పైకి ఆయన చేతులు వణికేవి. ఎంత మొండి మిషనునైనా విప్పి పారేసే మనిషి, పెళ్లాం అబ్బా అంటే కాలు వదిలేసేవాడు. వంద అనుకున్నది నలభై అయింది, నలభై ముప్పై అయింది. వసారాలోకొచ్చి నూనెగుడ్డతో మొహం తుడుచుకునేవాడు. తన చేత్తో తానే ఆమెను హింస పెడుతున్నానని కుమిలిపోయేవాడు. ఆమె బాగు కోసమే అది అని తెలియక కాదు, భరించలేక.

ఆ ఆగస్టులో ఒక గురువారం కుప్పంలో ఆయనకు ఆ మిషను కనిపించింది.

కోలారు గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక దొర, కుప్పం బయట బంగళా కట్టుకుని చాన్నాళ్లు ఉన్నాడు. ఆయన పోయాక, బెంగుళూరులో ఉన్న కూతురు సామాన్లన్నీ అమ్మేయమంది. బంగళాలో ఉన్న పాత కుట్టుమిషను అమ్మేముందు బాగుచేయాలని కాపలాదారు గంగులయ్య ఖాదర్ వలిని పిలిపించాడు. ఆ గదిలోనే ఒక మూల, సైకిలు లాంటిదొకటి ఉంది. సీటు ఉంది, హ్యాండిలు ఉంది, పెడళ్లు ఉన్నాయి, చక్రాలు మాత్రం లేవు. సీటు కింద ఇనపపెట్టె, పెట్టెలోంచి కరెంటు వైరు.

"ఇదేందప్పా?" అన్నాడు ఖాదర్ వలి.

"తొక్కుడు మిషను. మా దొరకు మోకాలు ఆపరేషనైనాక ఇంగ్లండు సీమ నుంచి తెప్పించుకుండె. కూసుంటే సాలు, పెడళ్లు అవే తిరగతాయి. కాలు వాటెంబడి పోతాది," అన్నాడు గంగులయ్య. "ఈ నాబు తిప్పితే నిదానంగా పోతా ఉండె. ఇప్పుడు నాబు మాట ఇనదు. స్విచ్చి ఏసినామంటే ఒకటే పరుగు."

స్విచ్చి వేసి చూపించాడు కూడా. పెడళ్లు గింగిరాలు తిరిగాయి. గంగులయ్య నవ్వాడు. ఖాదర్ వలి నవ్వలేదు. కాలు దానంతటదే వంగి, దానంతటదే చాచుకోవడం ఆయన కళ్లకు కనిపించింది. వంచేవాడికి జాలి ఉండదు, చేతులు వణకవు, ఎవరేడ్చినా వినపడదు. రోజుకు వంద కాదు, వెయ్యిసార్లు తిప్పుతుంది.

"నాబును ఇనేట్టు నేను చేసుకుంటాలే," అన్నాడు. అడిగినంత ఇచ్చి, బస్సు మీద వేయించుకుని ఇంటికి తెచ్చాడు.

కరెంటు వస్తువు బాగుచేయడంలో ఆయన అనుభవం బల్బు మార్చడం దగ్గర ఆగిపోయింది. కుట్టుమిషన్లన్నీ కాళ్లతో తొక్కేవి, చేత్తో తిప్పేవి. అయినా మిషను మిషనే కదా అనుకున్నాడు. మైమూన్ బీ మంచాన్ని వసారాలోకి లాగి, ఆమె చూస్తుండగా మిషను విప్పాడు. మొదట గొలుసు తీశాడు. మోటారు నుంచి పెడళ్లకు పోయే సైకిలు గొలుసు లాంటిదే అది. కిరసనాయిలుతో కడిగి, గోడ మేకుకు తగిలించాడు. గొలుసు తీసేసరికి పెడళ్లు తేలికైపోయాయి. వేలితో తోస్తే గిర్రున తిరిగి, వాటంతటవే ఆగాయి.

తర్వాత మోటారు. అలవాటుగా చెయ్యి నూనెడబ్బా మీదికి పోయింది. మోటారు చివర కన్నం కనిపిస్తే అందులో వేశాడు. నాబు కింద సందు కనిపిస్తే అక్కడా వేశాడు. ఉస్తాదు చెప్పినట్టు ఒక రాత్రి నాననిచ్చాడు.

తెల్లారి, గొలుసు లేకుండానే, మోటారు ఒక్కటీ ఎలా తిరుగుతుందో చూద్దామని స్విచ్చి వేశాడు. లోపల నీలంగా మెరిసింది. చిటపటమంది. నల్లటి పొగ లేచి వసారా అంతా కాలిన కంపు కొట్టింది. ఆయన వైరు పీకేసరికే ఆ మోటారు చచ్చింది. నిన్నటిదాకా కనీసం పరిగెత్తేది, ఇప్పుడు కదలదు. దొర ఇంట్లో పదేళ్లు బతికిన మిషనును ఖాదర్ వలి ఒక్క రాత్రిలో చంపేశాడు. ఆ మాట తనకు తానే అనుకున్నాడు, ఎవరూ అనకుండానే.

మైమూన్ బీ మంచం మీంచి చూస్తూ ఉంది. ఒక తిట్టు తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

సోమవారం మోటారునూ, నాబు కింద ఉన్న సర్క్యూటు కార్డునూ సంచిలో వేసుకుని మదనపల్లె పోయాడు. బస్టాండు దగ్గర ముద్దుకృష్ణ రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ముప్పై ఏళ్లవాడు, చేతిలో పని ఉన్నంతసేపూ పాట కూనిరాగం తీస్తుంటాడు. మోటారు మూత విప్పి, పాట ఆపాడు.

"ఖాదరన్నా, దీంట్లో నూనె పోసిందెవరు?"

"నేనే."

"ఈ మోటార్లో బొగ్గు ముక్కలుంటాయన్నా. అవి అరిగి లోపలంతా బొగ్గుపొడి పేరుకోనుంటాది. నువ్వు నూనె పోస్తివా, రెండూ కలిసి కాటుకైపోయె. కరెంటు పోవాల్సిన దావన పోకుండా ఈ కాటుకలో దిగబడె. మోటారు తుడిస్తే బతకతాది. కార్డు మాత్రం కాలిపోయిండాది."

"కార్డు బాగు చెయ్యప్పా. నీకు దండం పెడతా."

"నాకు రేడియో తెల్సన్నా. ఇట్లాంటిది నేనెప్పుడూ సూళ్లేదు. దీని వైరింగు పటం కూడా లేదు. ఒక్కో ముక్కా తీసి సూసుకుంటా పోవాల. దానికి నెలలు పట్టొచ్చు. నా అంగడి మూసుకొని నేను దాన్నే పట్టుకొని కూసోలేను."

ఖాదర్ వలి అక్కడే నిలబడ్డాడు. "అట్లయితే నాకు నేర్పించు," అన్నాడు.

యాభై రెండేళ్ల మనిషి ఆ మాట అనడం ముద్దుకృష్ణకు మొదట నవ్వు తెప్పించింది. మొహం చూశాక నవ్వు పోయింది. పాత సాల్డరింగ్ కడ్డీ ఒకటి ఇచ్చాడు. సీసం ఎలా కరగాలో, ఎంతసేపు ఆనించాలో చూపించాడు. మొదటి వారం ఖాదర్ వలి పెట్టిన ప్రతి అతుకూ పెద్ద బొట్టయి పక్కదానికి అంటుకుంది. రెండు వేళ్లు కాలాయి. కుట్టుమిషను స్క్రూలు ఎంత బిగిస్తే అంత మేలు, ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆనిస్తే లోపలి వస్తువు మాడిపోతుంది. ఆయన చేతులకు బలం తెలుసు గాని ఈ నాజూకు తెలియదు.

అన్నిటికంటే కష్టం రంగులు. ఆ కార్డు మీద గోధుమగింజంత ముక్కలు ఉంటాయి, వాటిని రెసిస్టర్లంటారు. వాటి విలువ అంకెల్లో రాసి ఉండదు, చుట్టూ రంగు గీతలు ఉంటాయి. నలుపంటే సున్న, కాఫీ రంగంటే ఒకటి, ఎరుపంటే రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు. ఇట్లా తెలుపు దాకా పది రంగులు. ముద్దుకృష్ణ కాగితం మీద రాసిచ్చాడు. రాసింది చదవడం ఖాదర్ వలికి రాదు, సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు.

ఆ చిక్కు విప్పింది మైమూన్ బీ. దారాల డబ్బా తెమ్మంది. ముద్దుకృష్ణ చెప్పిన వరస ఆయన నోట విని, పది దారపు రీళ్లు ఏరి, మంచం పక్క గోడకు వరసగా మేకులు కొట్టించి తగిలించింది. నల్లది సున్న, కాఫీది ఒకటి, ఎర్రది రెండు. రోజూ పొద్దున ఆమె ఎడమచేత్తో ఒక రీలు చూపిస్తే ఆయన అంకె చెప్పాలి. తప్పు చెబితే, "సదువుకోనోణ్ని కట్టుకుంటి, నా ఖర్మ," అనేది. నాలుగు నెలల్లో ఆ ఇంట్లో నవ్వు వినపడింది ఆ పాఠాల్లోనే.

పాఠాలు జరుగుతున్నంతసేపూ తొక్కుడు మిషను మంచం పక్కనే ఉండేది. గొలుసు లేని పెడలు ఆమె ఎడమచేతికి అందేది. ఊసుపోక దాన్ని తోసేది. అది గిర్రున తిరిగి ఆగేది, మళ్లీ తోసేది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు కూడా ఒకసారి తిప్పి చూసేవాళ్లు. ఒకరోజు ఆమె అడిగింది కూడా.

"అజీ, ఊరికే ఒకసారి దీని మీద కూసోని సూస్తా. ఎట్లుంటాదో."

ఖాదర్ వలి కడ్డీ పక్కన పెట్టాడు. "రిపేరు కానిదాని మీద కూసోకూడదు మైమూన్. నీకు తెలీదా? బాగైనాక దినమంతా కూసో, నేను వద్దనను."

ఆమెకు ఆయన నియమం తెలుసు. దాని గురించి ఎంతోమంది దర్జీలకు ఆమె గర్వంగా చెప్పింది. మళ్లీ అడగలేదు.

కాలు వంచడం ఏమైందని మీరు అడగవచ్చు. మిషను తెచ్చిన కొత్తలో ముప్పై, తర్వాత ఇరవై. సెప్టెంబరు మధ్యకు ఏ రోజుకారోజు రేపటి మాటయింది. మిషను ఎట్లాగూ వస్తోంది కదా, రోజుకు వెయ్యిసార్లు తిప్పుతుంది కదా, ఈలోగా పది వంపులతో ఆమెను ఏడిపించడం దేనికని ఆయన మనసు సర్దుకుంది. ఆమెకూ అదే హాయిగా ఉంది. నెలకోసారి రమ్మన్న డాక్టరమ్మ దగ్గరికి కూడా పోలేదు. బాగైన మిషను మీద పది రోజులు కూర్చున్నాక, కాలు వంచుకుంటూ పోయి చూపిద్దామని ఇద్దరూ అనుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం సులభమే. నొప్పి పెట్టే పనిని వాయిదా వేయడానికి అంతకంటే మంచి కారణం ఎవరికి దొరుకుతుంది?

కార్డు మీద కాలినవి మూడు. ఒకటి మూడు కాళ్ల ముక్క, మోటారుకు ఎంత కరెంటు వదలాలో చూసే కాపలాదారు లాంటిదని ముద్దుకృష్ణ చెప్పాడు. అది మదనపల్లెలో దొరకదు. ఖాదర్ వలి కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, ఇరుకు సందుల్లో అంగడంగడికీ కాలిన ముక్క చూపించి తెచ్చాడు. రెండోది కండెన్సరు, అది సులభంగానే దొరికింది. మూడోది రెసిస్టరు, దాని గీతలు మాడి ఉన్నాయి. కాఫీ రంగు, నలుపు, ఆ తర్వాతది ఎరుపులా ఉంది. అంగట్లో ట్యూబులైటు కింద ముద్దుకృష్ణ కూడా చూసి ఎరుపే అన్నాడు. ఎరుపు లెక్కకు సరిపోయేది ఇచ్చాడు.

అక్టోబరులో అన్నీ అతికి స్విచ్చి వేశాడు. మోటారు తిరిగింది. కాని ఒకటే పరుగు, నాబు ఎంత తిప్పినా తగ్గదు. కాసేపటికి మూడు కాళ్ల ముక్క వేడెక్కి టప్పున పగిలింది. మళ్లీ కుప్పం, మళ్లీ రైలు, మళ్లీ బెంగుళూరు. నవంబరు మొదట్లో మళ్లీ అదే పరుగు, అదే టప్. మూడోసారి తెచ్చిన ముక్క అయితే స్విచ్చి వేసిన వెంటనే పోయింది. ఆ నెలంతా ముసురు పట్టింది. కరెంటు పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేది. మదనపల్లె దర్జీలు ఆయన కోసం చూసి చూసి వేరే మనిషిని పిలుచుకున్నారు. ఆయనకు అది పట్టలేదు. అన్నం ముందు కూర్చున్నా కార్డే కనిపించేది. నమాజులో కూర్చుంటే వేళ్లు తమంతట తామే రంగులు లెక్కపెట్టేవి. ఆరు నెలల గడువు మీద పడుతోందని తెలుసు. తెలిసే కొద్దీ చెయ్యి తడబడేది, తడబడే కొద్దీ అతుకు చెడేది. అల్లా, నాకు చెయ్యగలిగిన పని ఇవ్వు, లేదా ఈ ఆశ అన్నా తీసేయ్ అని ఒకరోజు బయటికే అనేశాడు.

డిసెంబరులో ఒక పొద్దున, ఎండ వసారాలోకి పడుతుంటే, మైమూన్ బీ ఆ కాలిన రెసిస్టరు ఇలా ఇమ్మంది. పాతవన్నీ ఆయన ఒక గిన్నెలో దాచాడు. ఆమె దాన్ని ఎండలో పట్టుకుని, కళ్లు చిట్లించి, ఇటూ అటూ తిప్పింది.

"ఇది ఎరుపని ఎవరు సెప్పింది?"

"నేనూ సూస్తి. ముద్దుకృష్ణా సూసె."

"మీ ఇద్దరూ ఇస్త్రీ సేసినారా ఎప్పుడన్నా? ఎరుపు గుడ్డ మాడితే నల్లగా పోతాది. నారింజ గుడ్డ మాడితే ఇట్ల ఇటికెరాయి రంగొస్తాది. నా సేతిలో ఎన్ని గుడ్డలు మాడలేదు. ఇది నారింజ. రెండు గాదు, మూడు."

ఖాదర్ వలి గోడ మీది రీళ్ల వంక చూశాడు. ఒక్క రంగు తేడా. రెండు కాదు, మూడు. ఆ బస్సులు, ఆ రైళ్లు, పగిలిన ముక్కలు, రెండు నెలలు, అన్నీ ఆ ఒక్క గీతలో పోయాయి. ఆమె మంచం మీదే ఉంది, ఆ ముక్క గిన్నెలోనే ఉంది, ఒక్కసారి చూడమని తనకు తోచలేదు. బస్సెక్కి మదనపల్లె పోయి నారింజ గీత ఉన్నది తెచ్చాడు. చెయ్యి వణక్కుండా ఒకే ఒక అతుకు పెట్టాడు. స్విచ్చి వేసి నాబును కొంచెం తిప్పాడు.

మోటారు నిదానంగా తిరిగింది. ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం వేగంగా తిరిగింది. వెనక్కి తిప్పితే మళ్లీ తగ్గింది. అరగంట నడిపాడు, ఏదీ వేడెక్కలేదు, ఏదీ పగల్లేదు. ఖాదర్ వలి అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మైమూన్ బీ కూడా ఏడ్చింది. కత్తెర చేతిలోంచి జారి అప్పటికి ఆరు నెలలు దాటి నాలుగు రోజులు.

మేకు మీంచి గొలుసు తీసి తుడిచాడు. మోటారును పెట్టెలో బిగించి, పెడళ్లకు గొలుసు ఎక్కించాడు. ఈసారి దానికి మాత్రమే నూనె వేశాడు, జాగ్రత్తగా, ఒక్కో చుక్క. పక్కింటి రామలక్ష్మమ్మను సాయం పిలిచాడు. ఇద్దరూ కలిసి మైమూన్ బీని సీటు మీద కూర్చోబెట్టారు. నడుముకు పాత దుప్పటి చుట్టి వెనక కట్టారు. కుడిపాదాన్ని కింద ఉన్న పెడలు మీద పెట్టి, ఆమె ఓణీతోనే కట్టారు. పండక్కి కుట్టుకున్న జాకెట్టు వేసుకుందామె ఆ రోజు.

"భయమైతాందా?" అన్నాడు.

"యాల భయం? తిప్పు," అంది.

నాబును అన్నిటికంటే తక్కువలో పెట్టి స్విచ్చి వేశాడు. పెడలు కదిలింది. పాదం దానితో కలిసి వెనక్కి పోయింది, పైకి లేచింది. ఆమె నవ్వబోయింది. పెడలు ఇంకా పైకి వస్తోంది. మోకాలు సగం వంగి అక్కడ ఆగిపోయింది. పెడలు ఆగలేదు.

ఆమె పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది. ఓణీ ముడి బిగుసుకుంది, పాదం రాదు. మోటారు ఆమె కాలును పైకి తోస్తూనే ఉంది. ఎవరేడ్చినా దానికి వినపడదని ముచ్చటపడి తెచ్చుకున్న మోటారు అది. ఖాదర్ వలి నాబు మరిచాడు, స్విచ్చి మరిచాడు, వైరు పట్టుకుని గోడలోంచి పీకాడు.

మోటారు ఆగింది. రామలక్ష్మమ్మ ఆమె తల పట్టుకుని, "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు," అంటోంది. పాదం పెడలు మీద అలాగే సగం ఎత్తులో బిగిసి ఉంది. మోటారు పళ్లచక్రాలు వదలవు, కాలు కిందికి రాదు. ఖాదర్ వలి స్పానరు తీసుకుని, గొలుసు విప్పి కింద పడేశాడు. పెడలు తేలికై, ఆమె పాదంతో పాటు మెల్లగా కిందికి దిగింది.

రామలక్ష్మమ్మ మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయింది. ఖాదర్ వలి పెడలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓణీ ముడి విప్పడానికే పెడలు పట్టుకున్నాడు. చెయ్యి ఊరికే ఉండలేదో ఏమో, పెడలును బెత్తెడు వెనక్కి తిప్పింది. ఆమె మోకాలు బెత్తెడు వంగింది. ఇంకొంచెం తిప్పాడు. లోపల ఎక్కడో పట్టేస్తున్నట్టు చేతికి తెలిసింది, బిగిసిన కుట్టుమిషను చక్రం చేతికి తెలిసినట్టే. అక్కడ ఆపాడు. ఆమె ఏడవలేదు. వెనక్కి తెచ్చాడు. మళ్లీ తిప్పాడు. ఆమె కాలి బరువు తన చేతికి రావడం లేదు, అంతా పెడలే మోస్తోంది. ఎంత తిప్పినా చెయ్యి అలసేటట్టు లేదు. ముప్పై ఏళ్లుగా రోజూ చేత్తో చక్రాలు తిప్పిన మనిషి ఆయన.

ఏడోసారో ఎనిమిదోసారో తిప్పుతుండగా ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఖాదర్ వలి తల ఎత్తలేదు.

మైమూన్ బీ కింద పడి ఉన్న గొలుసు వంక చూసింది. తర్వాత గోడ మీద ఖాళీగా ఉన్న మేకు వంక చూసింది. తర్వాత ఇన్నాళ్లూ ఊసుపోక ఈ పెడలునే తోసిన తన ఎడమచెయ్యి వంక చూసుకుంది.

"అజీ, ఈ గొలుసు ఎప్పుడు తీసింటివి?"

"తెచ్చిన దినమే," అన్నాడు.

"ఆగస్టులోనా?"

"ఆగస్టులోనే."

లోపల రామలక్ష్మమ్మ బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది. మైమూన్ బీ హ్యాండిలు మీద ఎడమచేత్తో పట్టు సర్దుకుంది. నడుము చుట్టూ దుప్పటి వదులైతే పైకి లాక్కుంది. తెలుగులో ఆమె తిట్లన్నీ ఆయనకు తెలుసు, వాటి కోసం తల వంచుకుని కూర్చున్నాడు.

"తిప్పు," అంది.

ఖాదర్ వలి తిప్పాడు. పెడలు సగం దాకా పోయింది, ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చింది.